అమ్మను గచ్చిబౌలి కచేరీకి తీస్కపోవాలె: హన్మకొండ నుంచి ఎట్ల పోవాలె, ఏడ కూసోవాలె?

నయీంనగర్_బిడ్డ · మంగళవారం, రాత్రి 9:20

అందరికీ నమస్తే. మా అమ్మకు 61 ఏండ్లు. కోరుట్లల ఉంటది. నలభై ఏండ్లు బీడీలు చేసి మమ్ముల ముగ్గురిని చదివిచ్చింది. ఇప్పుడు మోకాళ్ల నొప్పులు, మెట్లు ఎక్కుడు కష్టం. మాతోని ఇది కావాలె అని ఎన్నడూ అడగలే. మొన్న దసరాకు మా ఇంటికొచ్చినప్పుడు టీవీల ఒక కచేరీ ప్రకటన చూసి, "ఆయన పాడంగ ఎదురుంగ కూసోని వినాల్నని ఉండే బిడ్డా" అన్నది. ఉన్నది అనలే, ఉండే అన్నది. ఆ మాట అప్పటి నుంచి నన్ను ఇడుస్తలేదు.

ఆ కచేరీ వచ్చే నెల గచ్చిబౌలి స్టేడియంల ఉన్నది. ఎవరిదో రాస్తలేను, రాస్తే ముచ్చట అభిమానుల కొట్లాటలకు పోతది. ఆర్కెస్ట్రా మొత్తం వస్తదట, పాత పాటలే ఎక్కువట. నేను ఇసొంటి పెద్ద కచేరీకి ఎన్నడూ పోలే. టికెట్లల్ల నిలబడి చూసేవి ఉన్నయి, కుర్చీలయి ఉన్నయి, పైన మెట్ల మీదివి ఉన్నయి. ఏది తీసుకోవాలె? కచేరీ అయినంక రాత్రికి రాత్రి హన్మకొండ రావొచ్చా? గంత సప్పుడు అమ్మ తట్టుకుంటదా? పోయొచ్చినోళ్లు జెర చెప్పుండ్రి.

కాజీపేట_జంక్షన్ · మంగళవారం, రాత్రి 10:05

చెల్లె, పోవుడు గురించి నేను చెప్త. నెలకు రెండు మూడుసార్లు తిరుగుత ఈ తొవ్వల.

సికింద్రాబాద్ దాకా రైల్ల పోతే అక్కడి నుంచి గచ్చిబౌలి చేరుడే పెద్ద పని. అమ్మతోని అయితే బస్సే మేలు. హన్మకొండ బస్టాండ్ల ఎక్కి ఉప్పల్ల దిగుండ్రి. రెండున్నర మూడు గంటలు. ఊరి లోపటి పెద్ద బస్టాండ్లు జేబీఎస్ దాకనో, ఎంజీబీఎస్ దాకనో పోవద్దు, ఆడికి చేరేసరికే గంట పోతది. ఉప్పల్ల మెట్రో ఎక్కితే నాగోల్ రాయదుర్గం లైన్ అదే, ఏడా మారే పని లేదు. సికింద్రాబాద్, అమీర్‌పేట, హైటెక్ సిటీ మీదంగ చివరి స్టేషన్ రాయదుర్గం. యాభై నిమిషాలైతది. అన్ని స్టేషన్లల్ల లిఫ్టు ఉంటది, అమ్మ ఒక్క మెట్టు ఎక్కే పని లేదు. రాయదుర్గం నుంచి స్టేడియం నాలుగైదు కిలోమీటర్లు, ఆటో మాట్లాడుకోవాలె.

వచ్చేటప్పుడే తిప్పలు. చివరి మెట్రో రాత్రి 11 ప్రాంతంల ఉంటది. టైం ఆ రోజు పొద్దున యాప్‌ల చూసుకోండ్రి, మారుతుంటది. ఉప్పల్ల దిగినంక వరంగల్ దిక్కు బస్సులు రాత్రంత నడుస్తనే ఉంటయి. కని 61 ఏండ్ల అమ్మను రాత్రి రెండు గంటలకు జనగామల, మూడింటికి హన్మకొండల దింపుడు నాకైతే మంచిగ అనిపిస్తలేదు. ఉప్పల్, బోడుప్పల్ దిక్కు మన వరంగల్ వాళ్లు లేని గల్లీ ఉండది. సుట్టాలెవరన్న ఉంటే ఆ రాత్రి ఆడ పండుకోని పొద్దున రాండ్రి.

నయీంనగర్_బిడ్డ · మంగళవారం, రాత్రి 10:18

మా చిన్నమ్మ బోడుప్పల్లనే ఉంటది అన్నా! ఈ ఆలోచనే రాలే నాకు.

ములుగురోడ్_తమ్ముడు · మంగళవారం, రాత్రి 11:40

అక్కా, తప్పకుండా తీస్కపో. నేను 2025 ఫిబ్రవరి 2న రామోజీ ఫిల్మ్ సిటీలో ఇంగ్లిష్ పాటల గాయకుడు ఎడ్ షీరన్ కచేరీకి పోయిన. పెద్ద బ్యాండ్ ఉంటదనుకున్న. చాలా పాటలకు ఆయనొక్కడే గిటార్ పట్టుకొని నిలబడ్డడు. గిటార్ చెక్క మీద దరువేసి, అది కాలి కింద మిషిన్ల రికార్డు చేసి, దాని మీద తీగలు వాయించి, దాని మీద గొంతు కలిపి, అట్ల కండ్ల ముంగటనే పాట కట్టిండు. ఫోన్ల వెయ్యిసార్లు విన్న పాట ఎట్ల పుడుతదో ఆ రోజు చూసిన.

మన దిక్కు నుంచి పోయేటోళ్లకు ఒక మాట. రామోజీల కచేరీ అయితే హైదరాబాద్ లోపటికి పోనే వద్దు. ఘట్‌కేసర్ దగ్గర ఔటర్ రింగ్ రోడ్డు ఎక్కి పెద్ద అంబర్‌పేట దగ్గర దిగితే అయిపోయె. 2024 నవంబర్ 15న పంజాబీ గాయకుడు దిల్జీత్ కచేరీ శంషాబాద్ దిక్కు జీఎంఆర్ అరేనాల అయింది, దానికి కూడ ఔటరే. గచ్చిబౌలే మనకు అన్నిటికన్న దూరం, ఊరికి అటు చివర.

నిలబడే టికెట్ మాత్రం అస్సలొద్దు అక్కా. గేట్లు మధ్యాహ్నమే తీస్తరు, ముంగటి జాగ కోసం నాలుగైదు గంటలు నిలబడే ఉండాలె. నాకు 24 ఏండ్లు, నాకే తెల్లారి కాళ్లు లేవలే.

రిటైర్డ్_పంతులు · బుధవారం, ఉదయం 6:30

అమ్మాయీ, నీ తపన నాకు అర్థమైంది. అయినా నా అభిప్రాయం చెప్పకుండా ఉండలేను.

ఆ స్టేడియం 2002 జాతీయ క్రీడల కోసం కట్టింది. పరుగు పందేలకు, దాదాపు 30 వేల మంది కూర్చునేలా. పాట కోసం కట్టలేదు. అంత పెద్ద మైదానంలో గాయకుడు చీమంత కనిపిస్తాడు, చివరికి అందరూ చూసేది తెరనే. ఆ తెరేదో ఇంట్లోనే ఉంది కదా? మూడు వందల కిలోమీటర్లు రానూపోనూ తిరిగి, మోకాళ్ల నొప్పులున్న తల్లిని అంత జనంలోకి తీసుకెళ్లి తెర చూపించడం నాకు మనసొప్పడం లేదు.

నేను కాజీపేట దర్గా ఉర్సులో ఖవ్వాలీ విన్నవాణ్ని. పాడేవాళ్లకు ఆరడుగుల దూరంలో చాప మీద కూర్చుంటే, తబలా మీద అరచేయి పడ్డప్పుడు ఆ గాలి మన మొహానికి తగిలినట్టుండేది. మన హన్మకొండ పబ్లిక్ గార్డెన్‌లో నేరెళ్ల వేణుమాధవ్ కళాప్రాంగణం ఉంది. ఇప్పుడు కాళోజీ కళాక్షేత్రం కూడా ఉంది. 2014లో శంకుస్థాపన జరిగితే 2024 నవంబర్‌లో తెరుచుకుంది. వెయ్యికి పైగా సీట్లు, మంచి హాలు. పదేళ్లు ఎదురుచూసి తెచ్చుకున్న హాలును వదిలి మనమంతా గచ్చిబౌలికి బస్సెక్కితే, మన ఊళ్లో కచేరీ పెట్టే ధైర్యం ఎవరికి వస్తుంది?

మైక్‌సెట్_కరీంనగర్ · బుధవారం, ఉదయం 8:15

పంతులు సార్ మాటకు గౌరవం ఉన్నది. ఖవ్వాలీ గురించి చెప్పింది అక్షరాల నిజం. కని నేను ఇరవై రెండేండ్ల నుంచి మైకు సెట్టు పని చేస్తున్న, పెద్ద కచేరీలకు కూడ సౌండ్ టీంల కూలికి పోయిన. ఆర్కెస్ట్రా ముచ్చట వేరే ఉంటది సార్.

పాత పాటలల్ల వయొలిన్లు ఒకటి రెండు ఉండయి, గుంపు ఉంటది. ముప్పై మంది ఒక్కసారి విల్లు లాగితే వచ్చే ధ్వని ఫోన్ల రాదు, టీవీల రాదు. ఆ పాటలల్ల కింద ఒక బేస్ గిటార్ (లోతు ధ్వని గిటార్) నడక ఉంటది, చిన్న స్పీకర్లల్ల అది మొత్తమే మాయమైతది. నలభై ఏండ్ల నుంచి విన్న పాటల, వినని సగం ఉన్నదని ఆ రోజు తెలుస్తది. వెయ్యి సీట్ల హాలుకు గంత ఆర్కెస్ట్రా రాదు. లెక్క చూడుండ్రి: వెయ్యి మంది తలా వెయ్యి ఇచ్చినా పది లక్షలే. వాద్యకారుల విమానం టికెట్లు, రూములు, స్టేజి, లైట్లు, జనరేటర్లు, మూడు రోజుల కూలీలు, ఇవన్నీ అందుల ఎల్లయి.

ఇగ సీటు ముచ్చట. చెల్లె, ఇది మనసుపెట్టి చదువు.

మైదానం నడుమ, స్టేజికి ఎదురుంగ, ఒక చిన్న డేరా లెక్క ఉంటది. అండ్ల సౌండ్ మిక్సర్ ముంగట ఒక మనిషి కూసుంటడు. మొత్తం కచేరీ సౌండు ఆయన చెవికి ఎట్ల వినబడితే అట్లనే సెట్ చేస్తడు. గొంతు ఎంత, వయొలిన్ ఎంత, డ్రమ్ము ఎంత, అన్నీ ఆయన కూసున్న జాగల నుంచే. అందుకని ఆ డేరాకు ముంగటనో, అటిటు పక్కలనో దొరికిన కుర్చీయే మైదానంల అన్నిటికన్న మంచి కుర్చీ. అందరికన్న ముంగట కూసుంటే స్టేజి కింద పెట్టిన పెద్ద బేస్ డబ్బాలు గుండెల గుద్దుతయి, పైన ఏలాడదీసిన స్పీకర్ల ధ్వని మన నెత్తి మీదికెల్లి వెనుకకు పోతది. ఎక్కువ పైసలు పెట్టి తక్కువ పాట విన్నట్టయితది.

మరీ వెనుకకు పోతే ఇంకో తిప్పలు. ధ్వని సెకనుకు 340 మీటర్ల దాకా పోతది. నువ్వు స్టేజికి 100 మీటర్ల దూరంల ఉంటే పాట 0.3 సెకన్లు ఆలస్యంగ వస్తది, తెర మీద బొమ్మ మాత్రం అప్పుడే కనబడుతది. పెదవులు ముందుగాల కదులుతయి, మాట ఎనుక వస్తది. దూరపోళ్ల కోసం నడుమల స్తంభాలు పాతి స్పీకర్లు కడుతరు. స్టేజి నుంచి వచ్చే ధ్వని ఆడికి చేరే టైం లెక్కగట్టి, వాటిని అంతే ఆలస్యంగ పలికిస్తరు. అట్ల చెయ్యకుంటే ఒక్క పాట రెండుసార్లు వినబడుతది, ప్రతిధ్వని లెక్క. ఆ లెక్క సరిగ చేసినోళ్లయితే వెనుక కూసున్నా మాట స్పష్టంగనే ఉంటది.

బుకింగ్ పేజీల సీట్ల పటం ఉంటది. అండ్ల నడుమల ఒక చిన్న చతురస్రం ఖాళీగ కనబడుతది, అదే ఆ డేరా. దానికి దగ్గరి బ్లాక్ తీసుకో.

రిటైర్డ్_పంతులు · బుధవారం, ఉదయం 9:02

ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు నాయనా. బేస్ నడక గురించి అన్నది ఆలోచించాల్సిన మాటే. అయితే మన హాలు సంగతి నేను వదలను. పది లక్షల్లో ఎల్లే కచేరీ కూడా ఒకటి ఉంటుంది. పది మంది వాద్యకారులతో, మంచి గాయకుడితో చేసేది. దానికి మన ఊరు టికెట్ కొని రావాలి. పాస్ దొరికితేనే వస్తాం అనే అలవాటు పోవాలి.

మైక్‌సెట్_కరీంనగర్ · బుధవారం, ఉదయం 9:10

దానికి నేను మీ ఎనుకనే ఉన్న సార్. పెట్టండ్రి, సౌండ్ నేను చూస్కుంట.

జగిత్యాల_అక్క · బుధవారం, మధ్యాహ్నం 1:45

సీటు, సౌండు అంతా మంచిగ చెప్పిండ్రు. ఆడోళ్లకు అసలు కష్టం బాత్రూం. అది ఎవరూ రాయలే.

నేను మా అత్తమ్మను తీస్కపోయిన ఒక కచేరీకి. ఆమెకు షుగరు. లోపట ఆడోళ్ల బాత్రూం కాడ లైను చూస్తే యాభై మంది ఉన్నరు. మా అత్తమ్మ అది చూసి నీళ్లు తాగుడే బంద్ పెట్టింది. మధ్యాహ్నం నాలుగు నుంచి రాత్రి పది దాకా ఒక్క బుక్క తాగలే. ఎండాకాలం కూడ. వచ్చేటప్పుడు కండ్లు తిరిగి మెట్ల కాడ కూలబడ్డది. అప్పటి నుంచి నేను ఏడికి పోయినా మొదలు బాత్రూం ఏడున్నదో చూసుకుంట. లోపటికి పోంగనే, జనం రాకముందే ఒకసారి తీస్కపో. ఇంకోసారి కచేరీ మొదలైన ఇరవై నిమిషాలకు, అప్పుడు ఎవరూ లేవరు. ఎక్కువమంది తెలిసిన పెద్ద పాట నడుస్తుంటే లైను ఖాళీగ ఉంటది.

బయటి నీళ్ల సీసాలు లోపటికి రానియ్యరు మాములుగ. మందులు ఉంటే డాక్టర్ రాసిన చీటీ కూడ సంచిల పెట్టుకో, గేటు కాడ అడుగుతరు. చీర కట్టుకుంటదా అమ్మ? మంచి మెత్తటి నూలు చీర కట్టుకొమ్మను, కాళ్లకు బూట్లసొంటి చెప్పులు. గచ్చు నేల కాదు అది, తాళ్లు, కేబుళ్లు ఉంటయి నేల మీద.

మంచిర్యాల_బొగ్గుబాయి · బుధవారం, సాయంత్రం 5:30

టికెట్ ఎక్కడపడితే అక్కడ కొనకండి. నా అనుభవం చెప్తా.

ఒక కచేరీ టికెట్లు అయిపోయినయి. ఒకతను ఆన్‌లైన్ గ్రూపులో "మా ఇంట్లో పెళ్లి పడ్డది, రెండు టికెట్లు ఉన్నయి, కొన్న రేటుకే ఇస్తా" అని పెట్టిండు. మాట మంచిగ ఉంది. ఫోన్ మాట్లాడిండు, టికెట్ ఫోటో పంపిండు, నేను ఆరు వేలు పంపిన. మంచిర్యాల నుంచి నేను, నా భార్య పోయినం. గేటు కాడ స్కాన్ చేస్తే ఎర్ర లైటు. "ఈ కోడ్‌తో అరగంట కిందనే ఒకరు లోపలికి పోయిండ్రు సార్" అన్నడు ఆ పిల్లగాడు. అదే ఫోటో ఎంతమందికి అమ్మిండో. నా భార్య పట్టు చీర కట్టుకొని వచ్చింది. ఇద్దరం బయట రోడ్డు మీద గోడకు ఆనుకొని నిలబడి మూడు పాటలు విన్నం, తర్వాత ఆమె "పోదాం" అన్నది. ఆరు వేలకన్నా ఆ మాటే నాకు ఎక్కువ బాధ.

టికెట్ల మీద ఉండే ఆ గళ్ల కోడ్ ఒక్కసారే పని చేస్తది. ఫోటోలు ఎన్ని ఉన్నా మొదలు స్కాన్ అయినవాడిదే టికెట్. యాప్‌లో మీ పేరు మీదికి అధికారికంగ బదిలీ చేసేది ఉంటేనే వేరేవాళ్ల దగ్గర తీసుకోండి. మోసపోతే వెంటనే సైబర్ మోసాల నంబరు 1930కి ఫోన్ చెయ్యాలి. ఎంత తొందరగ చేస్తే పైసలు ఆపే అవకాశం అంత ఉంటది. నేను రెండు రోజులు ఆగి చేసిన, లాభం లేకపోయింది.

ఇంకొకటి, ప్రకటనలో చూపించే రేటు చివరి రేటు కాదు. 500 దాటిన టికెట్ మీద 18 శాతం జీఎస్టీ పడుతది, బుకింగ్ చార్జీ వేరే. 500 లోపు టికెట్‌కు జీఎస్టీ లేదు.

నయీంనగర్_బిడ్డ · బుధవారం, సాయంత్రం 6:50

అన్నా, చదువుతుంటే కడుపుల దేవినట్టయింది. వదినను మళ్ల ఏదన్న మంచి కచేరీకి తీస్కపోండి.

టికెట్లు తీసుకున్న. డేరాకు కుడి దిక్కు బ్లాక్, రెండు కుర్చీలు. పటంల ఆ ఖాళీ చతురస్రం మైక్‌సెట్ అన్న చెప్పినట్టే దొరికింది. అమ్మకు ఇంకా చెప్పలే. ఇప్పుడు చెవుల సంగతి ఒక్కటే మిగిలింది.

చెవి_ముక్కు_గొంతు_నిజామాబాద్ · గురువారం, రాత్రి 8:00

నేను ఈఎన్‌టీ వైద్యురాలిని. ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషం, సాధారణంగా కచేరీ అయ్యాక చెవిలో ఈల మోగుతుంటే వస్తారు మా దగ్గరికి.

ధ్వని ఎంత పెద్దగా ఉందో డెసిబెల్స్‌లో కొలుస్తారు. 85 డెసిబెల్స్ ధ్వనిని రోజుకు 8 గంటలు వినొచ్చు. అక్కడి నుంచి ప్రతి 3 డెసిబెల్స్‌కు ఆ సమయం సగమవుతుంది. 88 దగ్గర 4 గంటలు, 91 దగ్గర 2, 94 దగ్గర గంట, 100 దగ్గర కేవలం 15 నిమిషాలు. ఇది కార్మికుల చెవుల రక్షణకు వేసిన లెక్క, కచేరీలకూ పనికొస్తుంది. పాట వినే చోట్ల 15 నిమిషాల సగటు 100 డెసిబెల్స్ దాటకూడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో సూచించింది. ఆ 100 అంటే కూడా మూడు గంటలు కూర్చునేవాళ్లకు ఎక్కువే.

కాబట్టి మెడికల్ షాపులో మెత్తటి ఫోమ్ ఇయర్ ప్లగ్స్ తీసుకోండి. దూది పెట్టుకుంటే ఉపయోగం లేదు, ధ్వని దాని గుండా వచ్చేస్తుంది. ప్లగ్‌ను రెండు వేళ్ల మధ్య సన్నగా వత్తుల్లాగా నలపాలి. ఇంకో చేత్తో తల వెనుక నుంచి చెవిని పైకి, కొంచెం వెనక్కి లాగి, లోపల పెట్టి, అది ఉబ్బేవరకు అర నిమిషం వేలితో అదిమి ఉంచాలి. చాలామంది ఊరికే గుచ్చి వదిలేస్తారు, అది పాట మధ్యలో రాలిపోతుంది. ఇంట్లో రెండు మూడుసార్లు అలవాటు చేయించండి అమ్మగారికి. పాట వినబడదేమోనని భయపడకండి, వినబడుతుంది, గరుకుదనం తగ్గుతుంది అంతే.

తెల్లారేసరికి కూడా చెవిలో ఈల ఆగకపోతే, లేదా ఒక చెవి దిబ్బడేసినట్టు ఉంటే ఆలస్యం చేయకుండా చూపించండి.

మైక్‌సెట్_కరీంనగర్ · గురువారం, రాత్రి 8:25

డాక్టరమ్మ చెప్పింది మా మైకు పనోళ్లందరు చదవాలె. నాకు కుడి చెవిల సన్నటి ధ్వనులు వినబడుడు తగ్గింది. ఇరవై ఏండ్ల కింద నాకు ఎవరూ చెప్పలే.

ఇంకో ముచ్చట. కచేరీ పదింటికి అయిపోతదా కాదా అని బెంగ వద్దు చెల్లె. 2000 సంవత్సరంల వచ్చిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాకా బయట మైకు బంద్. ఏడాదికి 15 రోజులకు మించకుండ పండుగల దినాలల్ల ప్రభుత్వం 12 దాకా ఇయ్యొచ్చు, అది వేరే. అందుకనే సాయంత్రం ఆరున్నర, ఏడుకే మొదలువెడుతరు. పదింటికి లేస్తే మెట్రో దొరుకుతది, కని ఒక్క నిమిషం కూడ ఆగొద్దు.

ములుగురోడ్_తమ్ముడు · గురువారం, రాత్రి 10:50

చివరి పాటకు ముందే లేచి వచ్చెయ్యండి అక్కా. అప్పుడైతే గేటు ఖాళీగ ఉంటది.

కాజీపేట_జంక్షన్ · శుక్రవారం, ఉదయం 7:10

తమ్మీ చెప్పింది నిజమే. గేటు కాడ జనం తోపులాటను తేలిగ్గ తీసుకోవద్దు. 2025 జూన్ 4న బెంగళూరుల చిన్నస్వామి స్టేడియం బయట 11 మంది పానాలు పోయినయి, లోపట కాదు, గేట్ల కాడ. మేడారం జాతరకు పోయినోళ్లకు తెలుసు: ముందుగాల తప్పిపోతే ఏడ కలుసుకోవాలెనో అనుకోవాలె. జనం ఎక్కువుంటే ఫోన్లు కలవయి. చిన్నమ్మ ఫోన్ నంబరు కాయితం మీద రాసి అమ్మ రైకల పెట్టుకొమ్మను. జనం ఒత్తిడి వస్తే ఎదురు తిరగొద్దు, రెండు చేతులు ఛాతి ముందు అడ్డం పెట్టుకొని, గుంపుతోని నడుస్తనే కొంచెం కొంచెం పక్కకు జరగాలె. గోడల పక్కపొంటి మాత్రం పోవద్దు, ఆడ నొక్కుకపోతరు.

నయీంనగర్_బిడ్డ · ఆదివారం, రాత్రి 9:30

అందరికీ నమస్తే. నెల దాటింది. పోయొచ్చినం. నిన్న రాత్రి బోడుప్పల్ల పండుకోని ఇయ్యాల మధ్యాహ్నం హన్మకొండకు వచ్చినం. ఒక్కొక్కటి చెప్త, ఇంకొకరికి పనికొస్తది.

పొద్దుగాల పదింటికి బస్సెక్కినం. ఉప్పల్ నుంచి మెట్రోల అమ్మ కిటికీ పక్కన కూసోని దుర్గం చెరువు మీదంగ పోంగ చూసి చిన్నపిల్ల లెక్క అయింది. నాలుగున్నరకు స్టేడియం కాడ ఉన్నం. ఆటో ఆపిన జాగ నుంచి మా గేటు దాకా పావుగంట నడక పడ్డది, నాకు తెలియదు అంత ఉంటదని. రెండుసార్లు కూసోబెట్టిన. మోకాళ్లున్నోళ్లు ఈ నడక లెక్కల పెట్టుకోవాలె. లోపట మా బ్లాక్‌కు మెట్లు లేవు, కని నేల మీద కేబుళ్ల మీద పరిచిన రబ్బరు దిమ్మలు ఎత్తుగ ఉన్నయి, చేయి పట్టుకొని దాటిచ్చిన. బాత్రూంకు జగిత్యాల అక్క చెప్పినట్టే మొదలే పోయినం, ఐదుగురే ఉన్నరు లైన్ల.

వయొలినోళ్లు శ్రుతి చేసుకుంటుంటే అమ్మ "మొదలైందా?" అన్నది. ఇంకా కాలేదమ్మా అంటే, "గిదే ఎంత మంచిగున్నది" అన్నది.

మూడో పాటో నాలుగో పాటో, పల్లవి అందుకోంగనే జనం మొత్తం పాడుడు మొదలువెట్టిండ్రు. నేను అమ్మ దిక్కు చూసిన. అమ్మ పాడుతలేదు. తెర దిక్కు కూడ చూస్తలేదు. కండ్లు మూసుకున్నది. ఒళ్లో రెండు చేతులు కదులుతున్నయి. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలు నడుమ లేని ఆకును తిప్పుతున్నది, కుడి చెయ్యి చిటికెడు తంబాకు వేసి, చుట్టి, మూతి మలిచి, దారం చుట్టి తెంపుతున్నది. మళ్ల ఇంకోటి. పాట తాళానికి ఒక్కో బీడీ. చాట ముంగట పెట్టుకొని, పక్కన రేడియో పెట్టుకొని కూసుంటుండె అమ్మ, మేం ముగ్గురం ఆ పాటలు వినుకుంట నిద్రపోయేటోళ్లం. పాట అయినంక కండ్లు తెరిచి నాతోని, "ఈ పాట కొత్తగ వచ్చినప్పుడు నువ్వు కడుపుల ఉన్నవు. ఆ రోజు వెయ్యికి ఆకు తక్కువ పడ్డది, కంపెనీల కోత పెట్టిండ్రు" అన్నది. నలభై ఏండ్లల్ల ఆ కోత ముచ్చట నాకు ఎన్నడూ చెప్పలే.

మైక్‌సెట్ అన్నా, మీరన్న ఆ కింది బేస్ నడక విన్న. ఒక పాటల అమ్మనే నా మోచెయ్యి తట్టి, "గిది రేడియోల లేకుండె" అన్నది. నేను చెప్పకముందే.

పంతులు సార్, మీరు చెప్పింది కూడ నిజమే. మనిషి చిన్నగనే కనబడ్డడు. తెరనే చూసినం సగం. కాదనను.

చివరి పాటకు ముందు లేద్దామంటే అమ్మ లేవలే. "నలభై ఏండ్లకు వచ్చిన, నడుమల లేస్తనా?" అన్నది. కూసున్నం. పది దాటి ఐదు నిమిషాలకు అయిపోయింది. గేటు కాడ గుంపు తగ్గేదాక పది నిమిషాలు కుర్చీలల్లనే ఆగినం, తర్వాత మెల్లగ బయటికి వచ్చినం. ఆటో దొరుకుడు కష్టమైంది. ఇద్దరు పిల్లగాళ్లు వాళ్లకు దొరికిన ఆటో ఆపి "అమ్మమ్మా, మీరు ఎక్కుండ్రి" అని ఇచ్చిండ్రు. రాయదుర్గంల చివరి మెట్రో దొరికింది. ఉప్పల్ల చిన్నాయన బండి పట్టుకొని ఉన్నడు.

జగిత్యాల_అక్క · ఆదివారం, రాత్రి 9:55

ఏడిపిచ్చినవ్ చెల్లె. మా అమ్మ కూడ మెట్‌పల్లిల బీడీలే చేసింది.

రిటైర్డ్_పంతులు · సోమవారం, ఉదయం 6:20

అమ్మాయీ, రెండుసార్లు చదివాను. మీ అమ్మగారిని తీసుకెళ్లొద్దని రాసినందుకు మన్నించమ్మా. కళాక్షేత్రంలో మంచి కచేరీ ఏదైనా పెడితే ముందుగా నీకే చెప్తాను. అమ్మగారికి ముందు వరుసలో, గాయకుడికి ఎదురుగా సీటు. అక్కడ మెట్లు లేని దారి ఉందో లేదో నేనే వెళ్లి చూసి రాస్తాను.

చెవి_ముక్కు_గొంతు_నిజామాబాద్ · సోమవారం, ఉదయం 11:15

చాలా సంతోషం. చెవులు ఎలా ఉన్నాయి అమ్మగారికి? ఈల ఏమైనా వినిపిస్తోందా?

నయీంనగర్_బిడ్డ · సోమవారం, రాత్రి 8:40

ఏం లేదు మేడమ్, మంచిగనే ఉన్నయట. మెల్లటి పాటలకు తీసి, డ్రమ్ములు ఎక్కువున్న పాటలకు మళ్ల పెట్టుకున్నది, నాకన్న మంచిగ నేర్చుకున్నది. ఇయ్యాల పొద్దుగాల కోరుట్ల బస్సెక్కింది. ఆ రెండు ప్లగ్గులు కడిగి ఆరబెట్టి, కొంగుల ముడేసుకొని పోయింది. మళ్ల పనికొస్తయట.